చెట్టెక్కిన రోజులు

చింతపండు కొనే దుకాణం ఖాళీ చేసి, షావుకారు నూకరత్నం పెద్ద కాటాను ఆటోలోకి ఎక్కిస్తోంది. ఒకప్పుడు ఆమెకే సరుకు అమ్మిన ముసలి రైతు యర్రయ్య, ఆ పాత బేరం మరిచిపోలేక ఓ చెయ్యి వేశాడు. అంతలో చింతపండు రైతుల సంఘం కార్యదర్శి దేవీప్రసాద్ పరిగెత్తుకొచ్చాడు.

“దుకాణం మూసీకు అక్కా.”

“షావుకార్లు కొండ దిగిపోవాలని మీటింగుల్లో సెప్పింది నువ్వే కదా. రెండేళ్లుగా సరుకంతా నీ సంఘానికే పోతంది. ఇంక నానిక్కడుండి ఏటి సెయ్యాల?”

“సరుకు కొనక్కర్లేదు. రోజూ గుమ్మం పక్కనున్న ఈ పలక మీద నీ ధర రాత్తే సాలు. అది సూసి రూపాయి కలిపి మా ధర పెడతన్నాం. నువ్వెళిపోతే ఎంత పెట్టాలో మాకెలా తెలుత్తాది?”

యర్రయ్య కాటా కింద పెట్టేశాడు.

“మా కష్టాన్ని బట్టి ధర పెడతన్నానన్నావు కదా బాబూ. సెట్టెక్కిన రోజుకో ముడి, పిక్క తీసిన రోజుకో ముడి ఏసి, ఏడాదికో తాడు నీ సేతికిచ్చాను. అవేవి?”

దేవీప్రసాద్ తల దించుకున్నాడు. “బస్తాల మూతులకి కట్టీసాం తాతా.”

యర్రయ్య భుజమ్మీది తువ్వాలు తీసి పలక మీద ధరను శుభ్రంగా తుడిచేశాడు.

“ఇప్పుడు సెప్పు బాబూ. నా సింతపండు ధరెంత?”