ఆయన మాట వినని లిఫ్టు

కొలువు నుంచి తొలగించిన సైన్యాధికారుల గొంతును ఏ యంత్రమూ వినకూడదని చట్టం వచ్చింది. అందుకే తిరుమలగిరి అపార్ట్‌మెంట్‌లో మాజీ మేజర్ జనరల్ భుజంగరావు ఎంత పిలిచినా లిఫ్టు కదలదు, ఇంట్లో పొయ్యి వెలగదు. భార్య పోయాక ఆయన తరఫున వాటికి చెప్పేవాళ్లు లేరు. ఆ ఉదయం పాలప్యాకెట్టు పట్టుకుని, ఎవరైనా రాకపోతారా అని లిఫ్టులో చాలాసేపు నిలబడ్డాడు.

పక్కింటి సుభాషిణి వచ్చి, "ఐదో అంతస్తు" అంది. లిఫ్టు కదిలింది.

"అంత తప్పు ఏం చేసిన్రు సార్?" జంకుతూనే అడిగింది.

"ఏరు దాటుతున్న గుంపు మీదికి డ్రోన్లు బయల్దేరాయమ్మా. చూస్తే చంకల్లో పిల్లలున్నారు. ఆపొద్దని పైనుంచి ఉత్తర్వు. నేను ఆగమన్నాను."

"ఆగినయా?"

"ఆగాయి," అన్నాడాయన. "యంత్రాలు నా మాట విన్నది అదే ఆఖరు."