మేజోళ్ల నడక

ఆరేళ్ల దేకా మంచం మీంచి దూకింది.

ధన్‌మని చప్పుడైంది. ఇల్లంతా ఊపిరి బిగబట్టింది.

వంటింట్లోంచి తల్లి ఉబా పరుగున వచ్చింది. పరుగున అంటే, మేజోళ్లతో, మునివేళ్ల మీద.

"ఎన్నిసార్లు చెప్పానే? కింద ముసలాయన ఉన్నాడా, లేడా?"

"ఉన్నాడమ్మా" అంది దేకా గొంతు తగ్గించి.

"ఆయనకు తిక్కరేగి ఫిర్యాదు చేస్తే?"

"మనం మళ్లీ పాత బడికి పోతాం."

పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. ఆ ఇంట్లో పిల్లలందరికీ అది కంఠతా వచ్చు.

అమెరికాలో, మినియాపోలిస్ శివార్లలోని ఆ పేటకు మంచి బడులున్నాయని పేరు. ఆ పేటలో ఇల్లున్న పిల్లలకే వాటిలో చోటు. బడి మంచిదైతే అద్దె మండిపోతుంది. ఉబా, ఆమె భర్త వార్సమే ఆ వీధులన్నీ చెప్పులరిగేలా తిరిగారు. అద్దె కుదిరిన చోట పిల్లల సంఖ్య కుదరలేదు. "ఆరుగురా!" అని ఓనర్లు నోరు తెరిచేవాళ్లు. ఆ తెరిచిన నోటితోనే ఇల్లు లేదనేవాళ్లు.

చివరికి ఈ పై అంతస్తు దొరికింది. ఆ పేటలో కనీవినీ ఎరగనంత తక్కువ అద్దె.

"పిల్లలెంతమంది?" అని ఏజెంటు ట్రేసీ ఫోన్‌లో అడిగింది. రెండు పడగ్గదుల ఇంట్లో ఐదుగురికి మించి ఉండకూడదని ఆమె కంపెనీ నియమం.

ఉబా కళ్లు మూసుకుని "ముగ్గురు" అంది.

ఆనాటి నుంచి మిగతా ముగ్గురూ లేనట్టే బతికారు. బడికి ముగ్గురు ముందు మెట్ల మీంచి వెళితే, ఇద్దరు పెరటి మెట్ల మీంచి దిగేవాళ్లు. చంటివాడు ఏడిస్తే ఉబా కుళాయి తిప్పేది. ఈద్ పండక్కి కూడా చుట్టాలను పిలవలేదు. సమోసాల్లాంటి సాంబూసాలు వేయించి, పిల్లలకు పెట్టి, పండగైపోయిందనిపించింది.

పాత చోట తలుపు తీస్తే చాలు, సొమాలీలో పది గొంతులు పలకరించేవి. ఇక్కడ పలకరించే దిక్కు లేదు. అప్పుడప్పుడు ఉబాకు ఏడుపొచ్చేది. అదీ చప్పుడు లేకుండానే ఏడ్చేది.

అయినా భరించింది, ఎనిమిదేళ్ల లిబాన్ కోసం. వాడికి నత్తి. ఇక్కడి బళ్లో ఒక టీచరమ్మ రోజూ పక్కన కూర్చుని పలికించేది. వాడు ఒక వాక్యం మొదలుపెట్టి పూర్తి చేయడం ఉబా ఈ ఇంట్లోనే మొదటిసారి విన్నది.

కింది అంతస్తు ముసలాయన పేరు హాల్వర్సన్. ఒంటరివాడు. పొద్దున్నే కాఫీ కప్పుతో కిటికీ దగ్గర కూర్చుని, బడికి వెళ్లే పిల్లల్నే చూసేవాడు.

"ఈవేళ కూడా చూశాడు" అంది ఉబా ఫోన్‌లో.

"చూడనీ. చూసినంత మాత్రాన అద్దె పెరగదులే" అన్నాడు వార్సమే. లారీ డ్రైవరతను. వారంలో సగం రోజులు రోడ్ల మీదే.

"నీకేం, లారీలో పాటలు పెట్టుకుని పోతావు. ఇక్కడ నాకు తుమ్మాలన్నా భయమే."

"తుమ్ము, ఫర్వాలేదు. నువ్వు ఐదుగురిలో లెక్కేగా!"

ఉబాకు నవ్వు రాలేదు.

మంచు బాగా కురిసిన ఒక రోజు హాల్వర్సన్ పైకొచ్చి తలుపు తట్టాడు. చేతిలో చిన్న ఉన్ని గ్లవ్ ఉంది.

"మెట్ల దగ్గర దొరికిందమ్మా. మీ పాపదేనా?"

"అవునండీ."

"ఎంతమంది పిల్లలు మీకు?"

"ముగ్గురు."

ఆయన చూపు తలుపు పక్కనున్న బూట్ల వరస మీద పడింది. ఉబా గబుక్కున తలుపు సగం మూసింది.

"ఇంత మంచు పడింది కదా, బయట ఆడుకోరా వీళ్లు?"

"లేదండీ, చాలా బుద్ధిమంతులు. మీకసలు ఇబ్బందే ఉండదు."

ఆయన ఏదో అనబోయాడు. ముఖం చిన్నబుచ్చుకుని, "అలాగా" అంటూ దిగిపోయాడు.

అబద్ధం పట్టేశాడనుకుంది ఉబా. మర్నాడే పిల్లలకు ఇంకా మందమైన మేజోళ్లు కొంది.

ఫిబ్రవరిలో ఒక ఉదయం ఆయన కిటికీలో కనిపించలేదు. మధ్యాహ్నం అంబులెన్స్ వచ్చి, ఏ తొందరా లేకుండా వెళ్లిపోయింది.

ఉబా అయ్యో అనుకుంది. ఆ వెంటనే, ఇక ఫిర్యాదు చేసేవాళ్లు లేరనీ అనుకుంది. అలా అనుకున్నందుకు సిగ్గుపడింది.

తర్వాతి వారం ట్రేసీ చెప్పాపెట్టకుండా వచ్చింది. ఆరుగురు పిల్లలూ అన్నం పళ్లెం చుట్టూ కూర్చుని ఉన్నారు.

"ఇందులో ముగ్గురు మా ఆడపడుచు పిల్లలు" అంది ఉబా తడబడుతూ. "చూసిపోదామని వచ్చారు."

"వద్దు ఉబా గారూ. ఆరుగురని నాకెప్పుడో తెలుసు."

"ఆ ముసలాయన చెప్పాడు కదూ! ఆయన చూపే అలాంటిది."

"ఆయనే చెప్పారు. మీరు దిగిన వారంలోనే."

"మరి మమ్మల్నెందుకు ఖాళీ చేయించలేదు?"

"చేయిద్దామనే అన్నాను. ఓనరు ఒప్పుకోలేదు."

"ఏ ఓనరు? మేమెప్పుడూ చూడలేదే!"

ట్రేసీ నేల వైపు చూసింది.

"హాల్వర్సన్ గారే. ఇప్పుడు ఆయన దూరపు చుట్టమెవరో ఇల్లు అమ్మేస్తున్నారు. వేసవి సెలవుల దాకా ఉండొచ్చు. తర్వాత ఈ అద్దెకు ఈ పేటలో ఇంకో ఇల్లు దొరకదండీ. నన్ను క్షమించండి."

లిబాన్ ఏదో అడగబోయి, మాట పెగలక ఆగిపోయాడు.

"ఓనర్ని నేనేనని ఆయన ఒక్క ముక్క చెప్పలేదేం?" అంది ఉబా.

"నన్నూ చెప్పనివ్వలేదు. ఓనరు కిందే ఉన్నాడని తెలిస్తే పిల్లల్ని గెంతనివ్వరట. భార్య పోయాక ఇల్లు మూగబోయిందని, పిల్లలున్నవాళ్లకే, వాళ్లు కట్టగలిగిన అద్దెకే ఇమ్మన్నారు."

ట్రేసీ తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"నెలనెలా ఫోన్ చేసి నన్ను ఒకటే అడిగేవారు, 'ఆరుగురున్నారు, పైనుంచి ఒక్క అడుగూ వినపడదేం, పిల్లలకు ఒంట్లో బాగానే ఉంటోందా?' అని."