టేపులో అమ్మ

"ఆ టేపు పెట్టకండి" అన్నాడు ఉదయ్. "కంప్లైంట్ విత్‌డ్రా చేసుకుంటాం. ఆ కాగితమేదో ఇవ్వండి, సంతకం పెట్టేస్తాను."

"పెట్టడానికి మీరెవరు? ఫిర్యాదు రాసింది నేను" అంది విజయశ్రీ. ఆమె ఒళ్లో నాలుగు నెలల పాప సన్నగా రాగం తీస్తోంది.

నళిని టేప్‌రికార్డర్ మీద నుంచి వేలు వెనక్కి తీసుకుంది. షికాగో శివార్లలో ఫ్యామిలీ డాక్టర్ల మీద రోగులు పెట్టే ఫిర్యాదులు వినే ఆంబుడ్స్‌మన్ ఆమె. ఇటు మాట అటు, అటు మాట ఇటు వినిపించి, తప్పెక్కడ జరిగిందో తేల్చడం ఆమె పని. ఆరేళ్లలో తెలుగువాళ్ల ఫిర్యాదు రావడం ఇదే మొదటిసారి.

రాసింది ఒక్క పేజీ. పురుడు పోయడానికి తెనాలి నుంచి వచ్చిన తల్లి నీరసంగా ఉందంటే డాక్టర్ కార్ల్‌సన్‌కి చూపించారు. ప్రయాణపు బడలిక తప్ప ఏమీ లేదన్నారాయన. మూడోరోజు పొద్దున ఆవిడ వంటింట్లో స్టవ్ ముందు కూలిపోయింది. గుండెపోటు.

'ఛాతీలో నొప్పి ఉందా అని అడిగాను. లేదన్నారు.' ఇది డాక్టర్ జవాబు. ఇంగ్లీషు రాని రోగులు వస్తే, అనుమతి అడిగి గదిలో మాటలన్నీ క్యాసెట్‌కి ఎక్కించి, తరవాత నర్సు చేత టైపు చేయించడం ఆయన అలవాటట. టైపు కాగితంలో ఆయన ప్రశ్న ఉంది. దాని కింద 'వేరే భాష' అని మాత్రం ఉంది. దాని కింద ఉదయ్ జవాబు: నో డాక్టర్, జస్ట్ టైర్డ్.

కాగితంతో పాటు క్యాసెట్ కూడా పంపించారు. పైన తేదీ 1983 అక్టోబర్ 11. ఇలాంటివి ఫిర్యాదు చేసినవాళ్ల ఎదుటే మొదటిసారి వినాలని ఆఫీసు పద్ధతి. అందుకని నళిని కూడా ఇంకా వినలేదు.

"పోయినావిడ గొంతు విని ఏం చేస్తావు విజ్జీ? ఇప్పటికీ ఆవిడ కాఫీ గ్లాసు కడగనివ్వవు."

"మీరు మాత్రం? వంటింట్లో అమ్మ పడిన చోట కాలు పెట్టకుండా గోడవారగా తిరిగి వెళ్తారు. నేను చూడట్లేదనుకున్నారా?"

ఉదయ్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"పార్కింగ్ లాట్‌లో కారుకి గీత పడితే మూడు ఉత్తరాలు రాసిన మనిషండీ ఈయన" అంది విజయశ్రీ నళినితో. "మా అమ్మకి ఒక్క ఉత్తరం ఎక్కువైపోయింది."

"ఉదయ్ గారూ, ఇది నిలబడితే డాక్టర్ గారి లైసెన్సు దాకా వెళ్తుంది. ఆయనది ముప్పై ఏళ్ల ప్రాక్టీసు. వినకుండా ఎలా చెప్పండి?" అంది నళిని.

"అమ్మ చెప్పే ఉంటుందండీ" విజయశ్రీ గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది. "నొప్పి ఉందని డాక్టర్‌కి చెప్పే ఉంటుంది. ఆ ఒక్క మాట నా చెవులతో వింటే చాలు. ఇంకేం అక్కర్లేదు నాకు."

నళిని మీట నొక్కింది.

గరగరమని చప్పుడు. కాగితాలు తిప్పిన శబ్దం. డాక్టర్ ప్రశ్న. తరవాత ఉదయ్ గొంతు: "అత్తయ్యగారూ, గుండెల్లో నొప్పేమైనా ఉందా అని అడుగుతున్నారు."

గాజులు కదిలాయి.

"అమ్మాయి బయటే ఉందా నాయనా?"

పాప రాగం ఆపేసింది. మెడ తిప్పి రికార్డర్ వైపు చూసింది. కడుపులో ఉండగా రోజూ విన్న గొంతు.

"హాల్లో కూర్చుందండీ."

"ఉంది నాయనా, నొప్పి. మూడురోజుల్నుంచీ ఉంది. ఈయనకి చెప్పకండి. నన్ను ఆస్పత్రి మంచానికి కట్టేస్తే దానికి పురుడెవరు పోస్తారు? అసలే దానికి బీపీ. దాని చెవినా వెయ్యకండి."

"అది కాదండీ అత్తయ్యగారూ..."

"పుట్టబోయే బిడ్డ మీద ఒట్టు. నోరు విప్పారంటే ఆ బిడ్డ మీద ఆన."

టేపు తిరుగుతున్న చప్పుడు. తరవాత ఉదయ్ గొంతు, ఇంగ్లీషులో.

నళిని ఆపేసింది. కిటికీ బయట మంచు పడుతోంది. ఉదయ్ రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

"బిడ్డ మీద ఒట్టు పెట్టింది విజ్జీ. ఎలా దాటను? నువ్వు ఆ డాక్టర్ని తిట్టిన ప్రతి తిట్టూ నాకే తగిలేది. నీకు చెప్పలేక, మింగలేక..."

విజయశ్రీ విరుచుకుపడుతుందనుకుంది నళిని. ఆమె కదల్లేదు. ఆగిపోయిన క్యాసెట్ వైపే చూస్తోంది. తరవాత చెయ్యి చాపింది.

"ఆ విత్‌డ్రా కాగితం ఇవ్వండి."

నళిని ఇచ్చింది. విజయశ్రీ పెన్ను పట్టుకుంది కానీ సంతకం పెట్టలేదు. పాపని ఇంకా దగ్గరికి పొదువుకుంది.

"తిట్టు విజ్జీ. ఏదో ఒకటి అను" అన్నాడు ఉదయ్.

"ఏ ముఖం పెట్టుకుని తిట్టనండీ?" అంది విజయశ్రీ. "మీకంటే ముందురోజే, అమ్మ గుండె పట్టుకోవడం నేను చూశాను. మీకు చెప్పొద్దని నా కడుపు మీద నా చెయ్యే పెట్టించి, అదే ఒట్టు నా చేతా వేయించుకుంది."