సలహాల బాబాయి

ఆట మంచి పట్టులో ఉండగా ఫోటోగ్రాఫర్ కంప్యూటర్ టప్పున ఆరిపోయింది.

ఈమధ్య రోజూ ఇదే వరస.

పెళ్లి ఫోటోలు దిద్దుకోవడానికని భార్యకు చెప్పి కొన్న కంప్యూటర్ అది. ఆటల కోసమని అందరికీ తెలుసు, భార్యతో సహా.

కంప్యూటర్ ఆటగాళ్ల గ్రూపులో గోడు వెళ్లబోసుకున్నాడు.

"చేతిలో డబ్బులు తక్కువ. ఆట బొమ్మలు సాఫీగా కదలాలంటే ఏ గ్రాఫిక్స్ కార్డు కొనమంటారు?"

"ఈ డబ్బులకి కార్డు రాదు, కార్డు పెట్టే డబ్బా వస్తుంది" అన్నాడొకడు. మిగతావాళ్లు నవ్వారు.

కాసేపటికి ఫోన్ మోగింది.

"నేను బాబాయిని."

గ్రూపులో అందరికీ ఆయన బాబాయే. ఎవరి కంప్యూటర్ మొరాయించినా ముందు ఆయన గొంతే పలికేది. మొహం మాత్రం చాలామంది చూడలేదు.

"ముందు నీ పవర్ సప్లై ఏదో చెప్పు."

"అదెందుకు బాబాయ్? నాకు కావలసింది కార్డు."

"ఆట మధ్యలో ఆరిపోతోందంటే దానికి కరెంటు చాలట్లేదేమో. అది చూడకుండా పెద్ద కార్డు పెడితే ఉన్నది కూడా పోతుంది. ప్రాసెసర్ జోలికి పోకు, ఇంకా చాలాకాలం లాగుతుంది. ర్యామ్ ఒక్కటే ఉంటే దాని జత కొను. మిగిలిన డబ్బుతో సెకండ్ హ్యాండ్ కార్డు చూద్దాం. రంగు లైట్ల క్యాబినెట్ డబ్బా చూసి మాత్రం మోజుపడకు."

"లైట్లుంటే ఆట బాగా రాదా?"

"కరెంటు బిల్లు బాగా వస్తుంది."

సామాన్లు వచ్చిన రోజు ఫోన్ స్పీకర్లో పెట్టి, బాబాయి చెప్పింది చెప్పినట్టు చేశాడు ఫోటోగ్రాఫర్.

"ప్లగ్గు పీకావా? ఇనుప బీరువా ఓసారి ముట్టుకో, ఒంట్లో ఉన్న కరెంటు పోతుంది. ఇప్పుడు కార్డు నొక్కు."

"నొక్కాను."

"టక్కుమని వినపడలేదే. ఇంకోసారి నొక్కు."

ఈసారి టక్కుమంది.

"ఆ, ఇప్పుడు కూర్చుంది."

కంప్యూటర్ వెలిగింది. ఆట ఎక్కడా ఆగకుండా సాగింది. ఫోటోగ్రాఫర్ సంతోషం పట్టలేక ఫోన్‌కే దండం పెట్టాడు.

"నీకేం చేసినా తక్కువే బాబాయ్. ఏం కావాలో అడుగు."

బాబాయి కాసేపు నసిగాడు.

"పీకేసిన పాత కార్డు ఏం చేస్తావు?"

"ఏముంది, మూల పడేస్తా."

"నాకిస్తావా? ఊరికే వద్దులే. ధర చెప్పు, కొంచెం కొంచెంగా ఇచ్చేస్తాను."

"ఆ చెత్త నీకెందుకు బాబాయ్? నీ దగ్గర పెద్ద కార్డే ఉంటుందిగా?"

"ఉందిలే, ఒక పని."

"సరే, ఆదివారం వచ్చి పట్టుకెళ్లు."

ఫోన్ పెట్టేయగానే పక్కనే కూర్చున్న బావమరిది పకపకా నవ్వాడు.

"అదీ సంగతి! ఇంత ఓపిగ్గా ఎందుకు చెబుతున్నాడా అనుకున్నా. పాత సామాన్లు దండుకుని అమ్ముకునే బేరం బావా ఇది!"

ఫోటోగ్రాఫర్‌కి మనసు చివుక్కుమంది. గ్రూపులో ఇద్దరు ముగ్గుర్ని వాకబు చేశాడు. నిజమే. ఒకడు పాత క్యాబినెట్ ఇచ్చాడు. ఒకడు ర్యామ్ ఇచ్చాడు. ఇంకొకడి దగ్గర మదర్‌బోర్డు అడిగి పట్టుకెళ్లాడట.

మోసపోయానన్న మంట నెత్తికెక్కింది. తనకు జరిగిన మోసమేమిటో మాత్రం ఆలోచించలేదు.

ఆదివారం పొద్దున్నే గ్రూపులో రాశాడు.

"బాబాయి సలహాలు ఊరికే రావు. ఆయనది పాత సామాన్ల కొట్టు. మీ మీ సామాన్లు జాగ్రత్త."

ఇక నవ్వులే నవ్వులు. నిన్నటిదాకా ఆయన్ని పీక్కుతిన్నవాళ్లే అందరికంటే ఎక్కువ నవ్వారు.

బాబాయి గ్రూపులోంచి వెళ్లిపోయాడు.

ఫోటోగ్రాఫర్ కసికొద్దీ ఆ కార్డును పాత ఇనుముతో కలిపి తూకానికి వేసేశాడు.

వానలు మొదలయ్యాక ఒకరోజు కంప్యూటర్ వెలిగింది గానీ, తెర నల్లగానే ఉండిపోయింది. ఈసారి లోపల నిజంగానే పెళ్లి ఫోటోలున్నాయి. పెళ్లివారు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు.

షాపువాడు మొత్తం మార్చాలన్నాడు. గ్రూపులో తలో మాటా అన్నారు. బాబాయి నంబర్ పలకలేదు.

ఆయనకు క్యాబినెట్ ఇచ్చినవాణ్ని అడ్రసు అడిగి, కంప్యూటర్లోంచి కార్డు పీకి సంచిలో వేసుకుని, ఫోటోగ్రాఫర్ బాబాయి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు.

మేడ మీద ఒంటి గది. బయట ఒకావిడ బట్టలు ఆరేస్తోంది.

"బాబాయిగారున్నారా అండీ? కంప్యూటర్ల గురించి చెబుతారే, ఆయన."

"మా తమ్ముడా? లేడు బాబూ. వేరే ఊళ్లో పని చూసుకుని వెళ్లిపోయాడు. ఆ ఫోన్ కూడా ఇక్కడే పడేశాడు. ఎవరొచ్చినా తనకేం తెలియదని చెప్పమన్నాడు."

ఫోటోగ్రాఫర్ నీరుగారిపోయాడు. అయినా ఆశ చావలేదు.

"పోనీ ఆయన కంప్యూటర్ ఒక్కసారి చూడనిస్తారా అక్కా? నా కార్డు అందులో పెట్టి చూస్తే తప్పెక్కడుందో తెలిసిపోతుంది."

ఆవిడ చేతిలో తడిబట్ట అలాగే ఉండిపోయింది.

"వాడికి కంప్యూటర్ ఎక్కడిది బాబూ? వాళ్లూ వీళ్లూ తీసేసినవి ఒక్కొక్కటే పోగేసుకున్నాడు. ఇంకొక్క కార్డే తక్కువక్కా అనేవాడు. ఎవరో పుణ్యాత్ముడు ఇస్తానన్నాడట. ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు. మెట్ల మీదే ఫోన్ చూసుకుని వెనక్కొచ్చేశాడు. ఏమైందిరా అంటే చెప్పలేదు. మర్నాడు అన్నీ మూటగట్టి ఎవరో చదువుకునే పిల్లకి ఇచ్చేశాడు."

ఫోటోగ్రాఫర్ చేతిలోని సంచి వెనక్కి దాచుకున్నాడు.

"మీరంతా ఆడుకుంటుంటే ఫోన్లో చూసి మురిసిపోవడమే గానీ, మావాడు పుట్టి బుద్ధెరిగాక ఒక్క ఆటైనా ఆడి ఎరగడు బాబూ" అంది ఆవిడ.