ఉల్లిపొట్టు రంగు

ఈసారీ రంగు మరకలుగానే దిగింది.

శ్రీసుధ ఉసూరుమంటూ గుడ్డని దండెం మీద వేసింది. ఉల్లిపొట్టు ఉడికించింది, పటిక కలిపింది. ఫోన్‌లో చూసిన బంగారు రంగు మాత్రం రాజమండ్రిలో తన పెరట్లోకి రానంటోంది.

"చెడిపోయిన గుడ్డలుంటే ఇస్తారా అమ్మా?"

గేటు దగ్గర ఓ పెద్దావిడ. పేరు దీనమ్మట.

"మసిగుడ్డలకా అండీ?"

"కాదమ్మా, పాపకి."

ఆవిడ గుడ్డని వాసన చూసింది. చెంపకి ఆనించుకుంది.

"మందు వాసన లేదు. మెత్తగా ఉంది."

అప్పట్నుంచీ తరచూ వచ్చేది. పాత నూలు చీరల ముక్కల మీద దానిమ్మ తొక్కలతోనో, బంతిపూలతోనో శ్రీసుధ చేసిన ప్రయోగాల్లో పాడైనవన్నీ ఆవిడకే. ఒకసారి పాపకనేది, ఇంకోసారి బాబుకనేది.

"మీకెంతమంది మనవలండీ?"

"దేవుడిచ్చినంతమందమ్మా!" అని నవ్వేసేది.

పక్కింటి వరహాలక్ష్మి ఓరోజు గోడ మీంచి అంది.

"ఆవిడ పెద్దాసుపత్రి దగ్గర మూటతో కనిపించిందమ్మాయ్. నీ గుడ్డలు అమ్ముకుంటోందేమో!"

ఆ మాట శ్రీసుధ మనసులో ముల్లులా దిగింది. మళ్ళీ దీనమ్మ రాగానే ఆపుకోలేకపోయింది.

"అమ్ముకోడానికైతే ఇంక ఇవ్వనండి."

దీనమ్మ మొహం చిన్నబోయింది. చేతిలోని ముక్కని జాగ్రత్తగా మడిచి అరుగు మీద పెట్టింది.

"రంగు కుదురుతుందిలెండమ్మా. కంగారుపడకండి" అని వెళ్ళిపోయింది.

మళ్ళీ రాలేదు.

వానలు వెలిశాక, ఓ పొద్దున్న రంగు నిజంగానే కుదిరింది. గుడ్డ నిండా లేత బంగారం, ఒక్క మరక లేదు. శ్రీసుధకి ముందుగా దీనమ్మకే చూపించాలనిపించింది. ఆరగానే ఆ గుడ్డతో ఆటో ఎక్కి పెద్దాసుపత్రికి వెళ్ళింది.

పాపకనీ బాబుకనీ అనేది కదా అని, పసిపిల్లల వార్డు బయట ఓ నర్సుని దీనమ్మ గురించి అడిగింది.

"దీనమ్మగారా? పోయిన నెల కాలం చేశారండి. జ్వరమొచ్చింది, తట్టుకోలేకపోయారు."

శ్రీసుధ చేతిలోని గుడ్డని ముందుకు చాచింది.

"వాళ్ళ మనవలెవరైనా ఉంటే... ఇది ఇద్దామని."

నర్సు ఆ గుడ్డని రెండు చేతులా అందుకుంది.

"ఆవిడకి నా అన్నవాళ్ళు ఎవరూ లేరండి. ఇక్కడ వదిలేసి వెళ్ళిన పసిబిడ్డల్ని, శిశుగృహం వాళ్ళు వచ్చేదాకా ఇలాంటి రంగుగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. తల్లెవరని ఎవరడిగినా తన పేరే చెప్పేవారండి."