మేనేజరుగారికి ఒక డబ్బా

"ఈ పూతరేకుల డబ్బా మీ మేనేజరుగారికి," అంది వీరవేణి, పిండిలో ముంచిన గుడ్డని బోర్లించిన వేడి కుండ మీద లాగుతూ. "నోరు తీపయ్యాక మెల్లగా అడుగు. అక్క ఒంటరిదండి, ఇంకో ఆర్నెల్లు ఇంటి దగ్గర్నుంచే చేస్తానండి అని."

బట్టలు సర్దుతున్న దుర్గాశ్రీ చేతులు ఆగాయి. బావ పోయినప్పుడు ఆత్రేయపురం వచ్చి, ఆఫీసు పని ఇక్కణ్ణుంచే చేసుకుంటూ అక్క దగ్గర ఉండిపోయింది. రేకులు ఎగిరిపోతాయని ఫ్యాను కూడా వేసుకోకుండా, ఆ పొయ్యి వేడిలోనే మీటింగులన్నీ నెట్టుకొచ్చింది.

"ఒప్పుకోరేమో అక్కా."

"ఏం మనిషే ఆయన? ఇంట్లో చావు జరిగిందని తెలిసి కూడా నిన్ను లాక్కుపోతాడా? ఆయనకి మాత్రం అక్కచెల్లెళ్లు లేరా?"

వారం నుంచీ ఇవే తిట్లు. అవి వింటూ అన్నం తినడం దుర్గాశ్రీ వల్ల కావడం లేదు.

"ఆయన రమ్మనలేదక్కా. ఇష్టమైతేనే రండి అన్నారు. నేనే వస్తానన్నాను. రోజూ నిన్నిలా చూస్తూ ఉండలేకపోతున్నాను."

కుండ మీద రేకు తీసేవాళ్లు లేక మాడిపోయింది. వీరవేణి దాన్ని గీకి పక్కన పడేసి, మళ్లీ గుడ్డ ముంచింది.

"తెలుసు. నువ్వు ఫోన్లో వాళ్లకి చెప్తున్నప్పుడే విన్నాను."

"మరి పాపం ఆయన్నెందుకు తిట్టావు?"

"ఎవర్నో ఒకర్ని తిట్టుకోవాలి కదే," అంది వీరవేణి తలెత్తకుండా. "నిన్ను తిట్టడానికి నోరు రాలేదు."