వాగు ఇవతల నిలబడ్డ ప్రేమ

అడవంతా లేతచిగురు వేసిన రోజుల్లో మువ్వ అనే కన్నెదుప్పికి గాలికుంటు రోగం సోకింది. నోరంతా పుండ్లు, గిట్టల సందున చీము. మందంతా కలిసి నాకే ఉప్పునేలను వదిలేసి, ఒక్కతే వాగు దాటి పడుకుంది.

ఆమె అంటే ప్రాణమిచ్చే మగదుప్పి చుక్కడు నీళ్ళలో కాలు పెట్టాడు.

"అక్కడే ఆగు! నా జబ్బు నీకంటితే మందకంతా పాకుతుంది," అంది మువ్వ.

"మరి మేతకు నడవలేక ఆకలితో చచ్చిపోతావే!"

చెట్టు మీది ముసలి కొండముచ్చు నవ్వింది. "ఏడవకయ్యా పెళ్ళికొడకా! ఈ రోగం గిట్టలున్నోళ్ళది. నాకు రాదులే."

అది రోజూ మెత్తని చిగుళ్ళు తుంచి, కొమ్మ మీంచే మువ్వ ముందు రాల్చింది. చుక్కడు ఇవతలి గట్టునే నిలబడి కబుర్లు చెప్పాడు.

తొలకరికి పుండ్లు మానాయి. మువ్వ లేచి కుంటుకుంటూ నడిచింది.

"వచ్చెయ్యనా?"

"ఇంకొన్నాళ్ళాగు. ఇవాళ్టికి నా నడక చూడు."

చుక్కడు కళ్ళార్పకుండా చూశాడు.